ముఖం దాచిన ఫోటోలో చెయ్యి కనపడిన విషయం

సంరక్షణ శాఖ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: తమ శాఖవారి ఆశ్రయ గృహంలో కుట్టుమిషన్లు పంచిననాడు తీసిన ఫోటోలో ఆడవాళ్ల ముఖాలు దాచినప్పటికీ, ఎడమ నుంచి మూడో ఆమెను గుర్తుపట్టిన సంగతి, సదరు ఫోటోను అన్నిచోట్ల నుంచీ తీయించే నిమిత్తం.

సవినయంగా మనవి చేసుకునేది:

1. నేను మోటార్ వైండింగ్ పని చేసుకుని బతికేవాడిని. కాలిపోయిన పంపులు, ఫ్యాన్లు, మిక్సీలు విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగితీగ చుట్టి ఇవ్వడం నా వృత్తి. భార్య కాలం చేసింది. ఒక్కడే కొడుకు, వాడికి భార్య, ఒక చిన్న పాప. కొడుకూ నా షాపులోనే, నా ఎదురుబల్ల మీద, అదే పని చేస్తాడు. వాడి పనికి వంక పెట్టడానికి లేదు. గిరాకీవాళ్లతో మర్యాదగా మాట్లాడతాడు. తాగడు. తాగేవాడైతే తప్పంతా తాగుడు మీదికి నెట్టి మనసు కాస్త తేలిక చేసుకునేవాడిని. ఆ వీలు కూడా లేదని మనవి.

2. సదరు నా కొడుకు తన భార్యను కొట్టేవాడు. ఫలానా కారణమంటూ ఉండేది కాదు. షాపుకొచ్చిన ఒకతను మంచినీళ్లు అడిగితే ఇచ్చినందుకు ఒకసారి, మరొకతను అడిగితే ఇవ్వనందుకు ఒకసారి. నేను అడ్డం వెళ్తే ఆ రోజుకు ఆగేవాడు. నేను ఇంట్లో లేని రోజు దానికి వడ్డీ కలిపి కొట్టేవాడు. కిందటేడు వానల్లో ఆమె ఎడమ మణికట్టు విరిచాడు. ఆస్పత్రిలో కట్టు వేసి, ఎముక అతికేదాకా విప్పవద్దన్నారు. ఇంటిపని ఆగిపోతోందని వాడే కత్తెర తెచ్చి ముందే కోసేశాడు. అందువల్ల ఆ చెయ్యి వంకరగా అతుక్కుంది. మణికట్టు దగ్గర బయటికి తిరిగిపోయింది. ఏది పట్టుకున్నా బొటనవేలు కిందికి పోయి, మిగతా వేళ్లు పైకి లేచి, అరచెయ్యి అడ్డంగా నిలబడుతుంది. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో కింద చదివితే తమకే బోధపడుతుంది.

3. వాడు ఎక్కడికో పంపు బిగించడానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం కోడలు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

“మామయ్యా, నిన్న ఆయన చెప్పుల చప్పుడు వినగానే పాప మంచం కిందికి దూరింది. ఏడవను కూడా లేదు. రోజూ చేసే పనిలా దూరింది,” అంది.

“బట్టలు సర్దుకో,” అన్నాను.

“ఎక్కడికి?”

“నాకూ తెలీదు. కనుక్కుంటాను.”

కనుక్కున్నాను. వేరే ఊళ్లో తమ శాఖవారి ఆశ్రయ గృహం ఉందని తెలిసింది. వాడు లేని పూట చూసి తల్లినీ పిల్లనూ బస్సెక్కించి తీసుకుపోయి అప్పగించాను. అక్కడి వార్డెనమ్మ చాలా మంచి మనిషి. “వీళ్లు ఇక్కడున్నట్టు బయట పురుక్కి కూడా తెలీనివ్వం, పెద్దాయనా. నిశ్చింతగా వెళ్లండి,” అంది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ఇక్కడే మనవి చేస్తున్నాను.

నేను ఇంటికి తిరిగొచ్చాక నా కొడుకు పెళ్లాంబిడ్డల కోసం వీధివీధీ తిరిగాడు. వాడితో పాటు నేనూ తిరిగాను. బస్టాండులో అటువైపు వాడు, ఇటువైపు నేను, అందరినీ అడిగాం. మనవరాలు ఎంత ఎత్తుంటుందో చేత్తో చూపించి మరీ అడిగాను. ఆ సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడి వీపు నిమిరింది కూడా నేనే. కన్నకొడుకు మీద ప్రేమ చచ్చి ఈ పని చేశానని తమరు అనుకోకూడదని ఇది రాస్తున్నాను.

4. ఆ తరువాత కోడలు అప్పుడప్పుడు మా షాపు ఎదురుగా ఉన్న మందుల షాపు ఆవిడ ఫోనుకు చేసేది. ఆవిడ “తాతగారూ, మీ దగ్గుమందు వచ్చింది,” అని కేకేసేది. నాకు దగ్గు లేదు. నేను వెళ్లి మాట్లాడి, ఒక మాత్రల పొట్లం జేబులో వేసుకుని వచ్చేవాడిని. పాప బడికి వెళ్తోందని, తాను కుట్టు నేర్చుకుంటోందని చెప్పేది. వంకరచేత్తో గుడ్డ నడపడం మొదట్లో రాలేదట. తరువాత ఆ వంకరే పనికొచ్చిందట. జాకెట్టు చంకల దగ్గర కుట్టు తిప్పేటప్పుడు అందరికంటే తనకే సులువుగా ఉందని చెప్పి మురిసిపోయింది.

మిషన్లు పంచిన మర్నాడు కూడా చేసింది. తమరు స్వయంగా విచ్చేసి పంచిపెట్టారని, ఫోటోలు తీశారని చెప్పింది.

“ఫోటోలెందుకమ్మా,” అన్నాను.

“నేనూ అదే అడిగాను మామయ్యా. పక్కన నిలబడతానన్నాను. ఫోటో తీసే అతను వినలేదు. ‘ముఖాలు కనపడవక్కా, తర్వాత మేం దాచేస్తాం. అందరూ మిషను పట్టుకుని నవ్వండి,’ అన్నాడు. నా పక్కనున్నావిడ, ‘దాచేసే ముఖానికి నవ్వెందుకయ్యా,’ అంది. ఇక చూస్కోండి, అందరికీ నిజంగానే నవ్వొచ్చేసింది.”

చెబుతూ చెబుతూ ఫోనులో మళ్లీ నవ్వింది. మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వు అలా వినడం నాకు అదే మొదలు. మందుల షాపులో నిలబడి నేనూ నవ్వాను. ఆవిడ ఏమైందని కూడా అడగలేదు, పొట్లం చేతిలో పెట్టి పంపింది.

5. నా కొడుకు రోజూ భోజనం చేస్తూ ఫోను చూసేవాడు. అందరిలాగే ఏవో ఆటపాటలు చూస్తున్నాడనుకున్నాను. వాడు చూసేది ఆశ్రయ గృహాల పేజీలని నాకు తెలియదు. ఏ ఊళ్లో ఏ సంస్థ ఎవరికి ఏమి పంచినా, ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూస్తూ వచ్చాడట. ఒక రోజు చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చి ఫోను నా బల్ల మీద పెట్టాడు.

“నాన్నా, ఇది చూడు.”

చూశాను. నడుమ తమరు. తమకు అటూ ఇటూ ఆడవాళ్లు, ఒక్కొక్కరి ముందు ఒక్కో మిషను. ఆడవాళ్లందరి మెడల పైన తెల్లటి గుండ్రని మచ్చలు. ముఖాలు దాచే ఆ కంప్యూటరు యంత్రానికి మనిషేదో వస్తువేదో తెలిసినట్టు లేదు. ఒక మిషను చక్రానికి కూడా మచ్చ వేసింది. తల్లి పక్కన నిలబడ్డ మా మనవరాలికీ, దాని చంకలోని బొమ్మకూ వేసింది. ఫోటో మొత్తంలో ముఖమున్నవారు తమరొక్కరే.

“ఏముందిరా ఇందులో,” అన్నాను.

“ఎడమ నుంచి మూడు.”

“ముఖమే లేదు కదరా. ఎవరని చెప్తాం?”

“ముఖమెందుకు నాన్నా. ఆ చెయ్యి చూడు.”

ఆ చెయ్యి మిషను మూత అంచును పట్టుకుని ఉంది. బొటనవేలు కిందికి, మిగతా వేళ్లు పైకి.

“చేతులు ఎంతమందికి విరగవు,” అన్నాను.

“విరుగుతాయి. అలా అతుక్కున్నది ఒక్కటే,” అన్నాడు.

అయ్యా, తాను విరిచిన చెయ్యి గనుక వాడికి బాగా గుర్తు. ఆమె వెనుక గోడ మీద గృహం పేరు, వీధి పేరు ఉన్న బోర్డు కూడా చదవడానికి వీలుగా పడింది. వాడు నన్ను తిట్టలేదు. నీకు ముందే తెలుసా అని కూడా అడగలేదు. నా ముఖం కేసి కాసేపు చూశాడు, అంతే. లోపలికి వెళ్లి స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు.

వాడు వీధి మలుపు తిరిగీ తిరగగానే నేను గృహానికి ఫోను చేశాను. కాపలా అతను ఎత్తాడు. ఫలానా ఆమె గురించి అనగానే, “లోపలివాళ్ల వివరాలు ఫోన్లో చెప్పం,” అన్నాడు.

“వివరాలు అడగట్లేదు నాయనా, చెప్తున్నాను. వాడు వస్తున్నాడు, తలుపులు వేసుకోమను.”

“ఎవరికి చెప్పమంటారు? అలాంటి పేరుతో ఎవరైనా ఉన్నారో లేదో కూడా మేం చెప్పకూడదు,” అన్నాడు. పాపం, అతనికి నేర్పిన మాట అతను అన్నాడు. నేను తరువాతి బస్సెక్కాను.

6. నేను వెళ్లేసరికి సగం జరిగిపోయింది. ముందు జరిగింది కాపలా అతను చెప్పగా విన్నాను. నా కొడుకు గేటు దగ్గర ఫోటో చూపించి, “ఈ చెయ్యి నా భార్యది,” అన్నాడట. లోపల ఎవరున్నారో చెప్పనంటే, “చెప్పక్కర్లేదు, ఇక్కడే కూర్చుంటాను,” అని ఎదురరుగు మీద కూర్చున్నాడట. గలాటా ఏమీ చెయ్యలేదు. పోలీసుల్ని పిలవడానికి కూడా ఏ కారణమూ ఇవ్వలేదు. ఇంతలో బడి వదిలారు. వంటమనిషి పిల్లల్ని వరసలో తీసుకొస్తోంది. పిల్లలందరికీ ఒకే రంగు బట్టలు. వాడు లేవలేదు. కూర్చున్నచోటి నుంచే మా పాపను ముద్దుపేరుతో పిలిచాడు.

అది తల తిప్పి చూసింది. పిలిస్తే తిరగకూడదని దానికి ఎవరూ నేర్పలేదు.

నేను బస్సు దిగి వీధిలోకి వచ్చేటప్పటికి పాప వాడి చంకలో ఉంది. కర్రలా బిగుసుకుపోయి ఉంది. నోట్లోంచి చప్పుడు లేదు. గేటు తీసుకుని కోడలు పరుగున బయటికొచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

“దాన్ని దించండి. నేనొస్తాను,” అంది.

“రమ్మనే కదా చెప్తున్నాను,” అన్నాడు వాడు, ఎంతో మెత్తగా. “ఇంటికి పద. ఆ చెయ్యి మంచి డాక్టరుకి చూపించి సరి చేయిద్దాం.”

ఆ మాట విన్నాక నా కాళ్లు ఆగలేదు. వెనుక నుంచి వెళ్లి వాడి నడుం పట్టుకున్నాను. ఒక్క విదిలింపుకు కింద పడ్డాను. ఆలోగా వంటమనిషి పాపను లాక్కుంది. కాపలా అతను, పక్క షాపులవాళ్లు కలిసి వాడిని పట్టుకున్నారు. పోలీసులొచ్చారు. స్టేషనులో కూర్చోబెట్టి, సంసారమన్నాక సర్దుకుపోవాలని మా అందరికీ కలిపి బుద్ధి చెప్పి, వాడి చేత సంతకం పెట్టించుకుని వదిలేశారు.

కోడలు గేటు కమ్మీల అవతల నిలబడి నా మోచేతి మీది దెబ్బ చూసింది.

“కడుక్కోండి మామయ్యా, మట్టి పడింది,” అంది. మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. “మమ్మల్ని ఇంకో చోటికి పంపిస్తారట. ఎక్కడికో నాకూ చెప్పలేదు. చెప్పినా మీకు చెప్పను. ఇక మీరు నా కోసం రాకండి. మీరొస్తే మీ వెనకాలే ఆయనొస్తాడు.”

“ఫోనైనా చెయ్యమ్మా.”

“వద్దు మామయ్యా.”

పాప ఆమె కాళ్లను చుట్టుకుని ఉంది. తాత అని కూడా నా దగ్గరికి రాలేదు. వాడు వచ్చిన దారిలోనే నేనూ వచ్చానుగా. దాని లెక్క ప్రకారం అది సరైనదే.

7. ఆ మీదట తమ కార్యాలయానికి వచ్చాను. షాపులో రాగితీగ కొనడానికి వెళ్తున్నానని చెప్పి వచ్చాను. లోపలికి అడుగుపెట్టగానే హాల్లో ఎదురుగోడ మీద అదే ఫోటో, మనిషెత్తున వేయించి ఉంది. పైన “గౌరవం, రక్షణ, భరోసా” అని అక్షరాలు. ఫోనులో కంటే అక్కడ ఆ చెయ్యి ఇంకా బాగా కనబడుతోంది. కౌంటరులోని గుమాస్తా గారితో జరిగిన సంభాషణ తమ అవగాహన కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఈ ఫోటో తీసేయండి బాబూ. ఆమె మా కోడలు.”

“ముఖాలు దాచాం కదా పెద్దాయనా. రూలు ప్రకారమే దాచాం. ఇందులో ఎవర్నీ గుర్తుపట్టడం కుదరదు.”

“మావాడు గుర్తుపట్టాడు.”

“కుదరదు. ఎవరూ గుర్తుపట్టకుండానే కదా దాచింది. అసలు ఆమె మీ కోడలని ఎలా చెప్తారు?”

“దాచకముందు ఫోటో ఉంటుందిగా, తీసి చూడండి.”

“అది బయట పెట్టకూడదు. వాళ్ల గోప్యత.”

“మరి ఎలా రుజువు చేయమంటారు?”

ఆయన కాస్త ఆలోచించాడు. వెటకారమేమీ లేదు, నాకు సాయం చేద్దామనే ఆలోచించాడు. “గుర్తుపట్టిన వ్యక్తి ఉన్నారుగా. ఆయన్ని తీసుకొచ్చి ఒక వాంగ్మూలం ఇప్పించండి,” అన్నాడు.

అయ్యా, నా కొడుకును తీసుకొచ్చి, ఆ చెయ్యి ఎలా విరిచాడో వాడి చేతే చెప్పించి, ఆమె ఫలానా అని రుజువు చేయిస్తే, అప్పుడు ఆమె ఎవరికీ తెలియకుండా ఉండేందుకు తమవారు చర్య తీసుకుంటారన్నమాట. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తిట్టడానికి కూడా ఎవరూ కనబడలేదు. వార్డెనమ్మ మంచిది. కాపలా అతను నిబంధన తప్పలేదు. ఫోటో తీసే అతను చెప్పినట్టే ముఖాలు దాచాడు. తమరు మిషన్లు ఇచ్చారు. అందరూ ఎవరి పని వాళ్లు సక్రమంగానే చేశారు.

8. ప్రస్తుత పరిస్థితి. నేను, నా కొడుకు ఎప్పటిలాగే ఎదురుబదురుగా కూర్చుని తీగ చుడుతున్నాం. వాడు నా మీద చెయ్యి చేసుకోలేదు. అన్నం ముందు నాకే పెడతాడు. భోజనాల వేళ ఫోను తెచ్చి నా ముందు పెట్టి, “ఇందులో ఉందేమో చూడు నాన్నా. నీ కళ్లు మంచివి,” అంటాడు. ఏదో ఒక ఊరు, ఏవో పంపకాలు, ముఖాల్లేని ఆడవాళ్లు. వద్దని లేచిపోతే అందులో ఉందని అనుకుంటాడు. అందుకని చూస్తాను.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. వాడి కోసమే చూస్తున్నానంటే అబద్ధం. నా కోసం కూడా చూస్తున్నాను. ఆ చెయ్యి ఎక్కడైనా కనబడితే బతికే ఉందని తెలుస్తుంది కదా. కనబడకూడదని దండం పెట్టుకుంటూనే వరసగా అందరి చేతులూ వెతుకుతాను. వాడు ఫోటో కేసి చూడడు. నా ముఖం కేసి చూస్తాడు. ముఖం దాచుకోవలసిన అవసరం ఇప్పుడు నాకు వచ్చి పడింది. నాకు మచ్చ వేసేవాళ్లెవరూ లేరు.

కావున తమరు దయతో ఈ కింది మనవులు ఆలకించాలి:

(అ) సదరు ఫోటోను తమ గోడ మీద నుంచి, శాఖవారి పేజీ నుంచి తీయించాలి. వాడి ఫోనులో ఇప్పటికే ఉంది, అది తీయించడం ఎవరి వల్లా కాదని తెలుసు. అయినా తీయించాలి.

(ఆ) ఇక మీదట ముఖం దాచితే మనిషిని దాచినట్టేనని ఎవరూ అనుకోకుండా ఉత్తర్వు ఇవ్వాలి. కట్టుకున్నవాడు ముఖం ఒక్కటే గుర్తుపెట్టుకోడు. చెయ్యి, నడక, నిలబడే తీరు, పిల్ల చంకలో బొమ్మ, అన్నీ వాడికి తెలుసు. ఫోటో బయటికి వెళ్లేముందు ఆ ఆడవాళ్లకే చూపించి, “ఇందులో నిన్ను నీవాడు పట్టుకోగలడా,” అని అడగాలి. యంత్రానికి తెలియనిది వాళ్లకు తెలుస్తుంది. లేదా ఫోటోలే మానాలి. తమరి ఒక్కరి ఫోటో వేసుకున్నా మిషన్లు పంచినట్టు జనం నమ్ముతారు.

(ఇ) కోడలు, మనవరాలు ఎక్కడున్నారో నాకు చెప్పవద్దు. బాగున్నారా లేదా అన్న ఒక్క మాట మాత్రం తెలియజేయించాలి.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. నా చేతనైనంత మర్యాదగా రాశాను. ఎక్కడైనా మాట మీరి ఉంటే ముసలితనం కింద మన్నించగలరు.

ఇట్లు
తమ విధేయుడు,
మోటార్ వైండింగ్ పనివాడు

తా.క. ఇది మడతపెట్టబోతుండగా తట్టింది. దీనికి జవాబు పంపవద్దు. షాపుకొచ్చే ఉత్తరాలు మావాడే విప్పుతాడు. మందుల షాపు ఆవిడ ఫోను కూడా వద్దు, దగ్గుమందు సంగతి వాడికి తెలిసిపోయింది. ఆవిడ ఇప్పుడు నన్ను చూస్తే లోపలికి వెళ్లిపోతుంది. నన్ను కార్యాలయానికి పిలిపించవద్దు, వెనకే వస్తాడు. కాబట్టి (ఇ)లో అడిగిన మాట నాకు చేరే దారి ఏదీ లేదు. ఆ వాక్యం కొట్టేద్దామని కలం తీశాను, చెయ్యి రాలేదు. దాన్ని అలాగే ఉంచుతున్నాను. వాళ్లిద్దరూ బాగుంటే, తమరు విచారించి, ఈ కాగితం మీదే ఏ మూలనైనా “బాగున్నారు” అని ఒక్క ముక్క రాసి తమ బీరువాలో పెట్టించండి. నేను చూడకపోయినా ఫరవాలేదు. ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది.